గిలక నడక

వడ్రంగి వెళ్లిపోయాడు. గది మధ్యలో బల్ల మిగిలింది, బల్ల మధ్యలో అన్నం పళ్లెమంత గుండ్రటి కంత, కంతలోంచి చూస్తే కింద నేల, నేలమీద కొత్త కొయ్య వాసనేస్తున్న రంపపు పొట్టు. ఏమీ ఉండదని తెలిసి కూడా ఆమె వంగి ఆ కంతలోకి చూసింది. అద్దం వస్తే గాని ఇది బల్ల కాదు. ఆమె భర్త అద్దం కోసమే వెళ్లాడు. పాలరంగు అద్దం, గుండ్రంగా కోయించాలి, చెయ్యి తెగకుండా అంచులు నూరించాలి, ఓ గంట పడుతుందన్నాడట కొట్టువాడు. "గంటలో వచ్చేస్తా. ఈలోగా ఆ కుర్చీ ఎక్కి పైవేమీ తియ్యబోకు, నడుం పట్టేస్తుంది" అన్నాడు ఆయన చెప్పులేసుకుంటూ. ఆ మాట కూడా గడప అవతల నుంచే. ఆమె గది లోపల, ఆయన గడప బయట. ఎన్నేళ్లుగానో ఇంతే కాబట్టి ఇద్దరిలో ఎవరికీ అది వింతగా తోచడం మానేసింది.

ముందు కిటికీ సంగతి చూడాలి. వెలుగు ఎడమవైపు నుంచి పడటం మంచిదే గానీ ఇంత వెలుగు పనికిరాదు, పైవెలుగు ఎక్కువైతే కింది వెలుగు ఓడిపోతుంది, అడుగు కాయితంమీది గీత పై కాయితంలోకి తేలదు. మందంగా ఉండే దుప్పటి ఒకటి కట్టాలి. ఇదివరకు ఈ కిటికీకి నీలంపూల తెర ఉండేది, ఆ పూలు లెక్కపెడితే గాని ముద్ద మింగేది కాదు, నాలుగు తర్వాత ఎప్పుడూ ఏడే, నాలుగు తర్వాత ఏడెలా వస్తుందే అంటే ఐదూ ఆరూ బయటికెళ్లాయి అనేది. వద్దు, తెర సంగతి వద్దు, దుప్పటి సంగతి చూడు. ఇది వాళ్ల కూతురి గది. అలా అని ఇంట్లో ఎవరూ అనరు, 'లోపలి గది' అంటారు. ఐదో ఏడు నిండకుండానే పోయింది పిల్ల, అది జరిగి ఎంతకాలమైందంటే, అప్పుడు ఆమెకి జడ నడుం దాకా ఉండేది, ఇప్పుడు చెవుల దగ్గర కత్తిరించిన తెల్లజుట్టు. పిల్ల మంచం ఎవరికో ఇచ్చేశాక గదిలోకి కొద్దికొద్దిగా సామాను చేరింది. ఆయన బడిలో డ్రిల్లు మాస్టారు. గాలిపోయిన బంతులు, చిరిగిన వల, విరిగిన హర్డిల్ కర్రలు, ఈలలు, జెండాల కట్ట, అన్నీ ఇక్కడికే. అయితే ఆయన ఎప్పుడూ లోపలికి రాలేదు. గడప బయట నిలబడి చెయ్యి చాచి లోపల పెట్టేవాడు, బంతులైతే దొర్లించేవాడు. అవి దొర్లుకుంటూ వెళ్లి ఏ మూలో ఆగేవి. ఆయన రిటైరైన రోజున కప్పులూ షీల్డులూ కూడా అలాగే చేరాయి. ఆమె లోపలికి వెళ్లి వాటిని గోడవారగా సర్దింది.

"బొమ్మలు వేసుకోవడానికి బల్ల ఒకటి కావాలండీ" అని ఆమె అడిగినప్పుడు ఆయన పేపరు చదువుతున్నాడు. ఏం బొమ్మలని అడగలేదు, ఈ వయసులో ఇప్పుడెందుకనీ అనలేదు. "ఎక్కడ వేయిస్తావ్?" అన్నాడు. "లోపలి గదిలో." పేపరు ఆయన ముఖానికి అడ్డంగా అలాగే నిలబడిపోయింది, పేజీ తిరగలేదు. కాసేపటికి దాని వెనక నుంచి, "మరి ఆ సామానంతా ఎక్కడ పెడదాం?" అని వినిపించింది. అంతే. ఆమె లోపల నుంచి ఒక్కొక్కటే అందిస్తే ఆయన బయట అందుకున్నాడు, బంతులు ఈసారి ఇటు దొర్లాయి. తర్వాత టేపు తెచ్చి ఆమెని హాల్లో కుర్చీలో నిటారుగా కూర్చోమని, మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటుందో, వంగకుండా ఎంతదూరం చూపు ఆనుతుందో, పిల్లల లాంగ్‌జంప్ కొలిచినంత శ్రద్ధగా కొలిచాడు. బల్ల ఎంత వాలు ఉండాలో వీధిగుమ్మంలోనే నిలబడి వడ్రంగికి చెయ్యి వాల్చి చూపించాడు. "బల్ల ఇంత బాగా కుదిరింది, మధ్యలో కన్నం దేనికమ్మా?" అని వడ్రంగి ఉసూరుమన్నాడు. "కిందనుంచి వెలుగు రావాలి" అంది ఆమె. "వెలుగు పైనుంచి కదమ్మా వచ్చేది?" దానికి గడప బయట నుంచి ఆయనే, "నువ్వు కొయ్యవయ్యా, కోస్తే తెలుస్తుంది" అన్నాడు. కోస్తున్నంతసేపూ అక్కడే నిలబడ్డాడు. ఒకటి రెండుసార్లు, కొలత తప్పుతోందనిపించినప్పుడు, ఒక కాలు కొంచెం లేచింది కూడా. మళ్లీ దింపేశాడు. ఆమె చూడనట్టు ఊరుకుంది.

దుప్పటి కట్టడం అయ్యింది. గది ఒక్కసారిగా సాయంకాలమైపోయింది. అవును, తను పనిచేసిన కదిలే బొమ్మల స్టూడియో కూడా ఇలాగే ఉండేది, ఎండాకాలం మధ్యాహ్నం వీధిలోంచి లోపలికి అడుగుపెడితే కళ్లు కాసేపు పనిచేసేవి కావు, తర్వాత ఒక్కొక్క బల్లా తేలేది, ప్రతి బల్లలోనూ గుండ్రటి వెలుగు, వెలుగు చుట్టూ వంగిన తల. కింది ట్యూబులైట్ల సెగకి కాయితాలు అప్పడాల్లా చుట్టుకుపోయేవి, ఫ్యాను వేస్తే ఎగిరేవి, వెయ్యకపోతే చెమట చుక్క సరిగ్గా బొమ్మ ముక్కుమీదే పడేది. ఇప్పుడా బాధ లేదు, ఎల్‌ఈడీ పట్టీ అతికిస్తే చాలు, వేడి ఉండదు. ఆమె కింద కూర్చుని బల్ల అడుగున పట్టీ అతికించసాగింది, జిగురు కాయితం ఊడదీసి, బొటనవేలితో నొక్కుతూ. కాయితాలు కదలకుండా అద్దం అంచున ఉండే రేకు పట్టీ, దానిమీద మూడు బొడిపెలు, వాటిని పెగ్గులనేవాళ్లు. కాయితానికి అవే కొలతల్లో కన్నాలు కొట్టి పెగ్గుల్లోకి దింపితే, ఎన్ని కాయితాలు ఒకదానిమీద ఒకటి వేసినా బొమ్మ వెంట్రుకవాసి కూడా జరగదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటికొచ్చి, "ఇవాళ పెగ్గులు సరిగ్గా కుదరలేదండీ, పనంతా పాడైంది" అని ఆయనతో అంటుంటే వంటింట్లోంచి విన్న అత్తగారు పొయ్యి కట్టేసి వచ్చి, "ఏం ఉద్యోగమే తల్లీ అది?" అని గుండెమీద చెయ్యేసుకుంది. ఆయన నవ్వీ నవ్వీ గోడకి ఆనుకున్నాడు. ఆయన అప్పట్లో అలా నవ్వేవాడు, ఒళ్లంతా కదిలేలా.

ఆమె పని నడిమి బొమ్మలు. ఒక కదలికలో మొదటి బొమ్మా చివరి బొమ్మా పెద్దాయన వేసేవాడు, స్టూడియోలో అందరికీ గురువు ఆయన. చెయ్యి కింద ఉన్న బొమ్మ ఒకటి, చెయ్యి పైకెత్తిన బొమ్మ ఒకటి. కింది నుంచి పైకి ఆ చెయ్యి ఎలా వెళ్లిందో, ఎక్కడ తొందరపడిందో ఎక్కడ తటపటాయించిందో, ఆ మధ్యవన్నీ ఆమె. కన్ను ఆర్పి తెరిచేలోగా అయిపోయే దానికి చేతినిండా కాయితాలు. తెరమీద పేర్లు వేసేటప్పుడు పెద్దాయన పేరొక్కటే పడేది, అందులో అన్యాయమేమీ ఆమెకి కనిపించలేదు. పెద్దాయన ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: మనిషి నడవడమ్మా, పడబోతాడు, పడకుండా ఒక కాలు అడ్డం పెడతాడు, మళ్లీ పడబోతాడు, అది పట్టుకో. ఆమె పట్టుకుంది. బిస్కెట్ల ప్రకటనలో పులి నడిచింది. సబ్బు ప్రకటనలో ఏనుగు తుండుగుడ్డ కట్టుకుని సిగ్గుపడుతూ నడిచింది. పళ్లపొడి ప్రకటనలో బొద్దుగా ఉండే పాప, చేతులు రెండూ ఊపుకుంటూ, బంతిలా ఎగిరెగిరి నడిచింది. పళ్లపొడి కంపెనీవాళ్లకి ఆ పాప ఎంత నచ్చిందంటే ఏడాదికో ప్రకటన, ఏడాదికో కొత్త గౌను, నడక మాత్రం అదే.

పిల్లని చూసేవాళ్లు లేని రోజుల్లో స్టూడియోకి తీసుకెళ్లేది. అసలు పేరు వేరే ఉన్నా ఎవరూ పిలవలేదు, నిద్రలో తప్ప నోరు మూసేది కాదు కాబట్టి తండ్రి గిలక్కాయ అన్నాడు, అదే అరిగి గిలక అయ్యింది. బల్ల కింద కాయితం కట్టలమీద కూర్చుని ఒకటే ప్రశ్నలు. "అమ్మా, దీపాన్ని ఎందుకు పడుకోబెట్టావ్?" "పులికి చెప్పులేవీ?" "ఈ పాప నాకంటే మంచిదా?" పళ్లపొడి పాపని చూసి ఆ మాట. అబ్బే, నువ్వే మంచిదానివి అంటే, "మరి దాన్నే ఎందుకు వేస్తావ్ రోజూ?" అంది. ఆమె నవ్వేసి పని చూసుకుంది, ఆరోజు సాయంత్రానికి రీలు వెళ్లిపోవాలి. పట్టీ చివర అతుక్కోవడంలేదు, దుమ్ముంది కాబోలు, కొంగుతో తుడిచి మళ్లీ నొక్కింది. పక్కింట్లో ఎవరో స్కూటరు తన్నుతున్నారు, అది దగ్గి ఊరుకుంటోంది, మళ్లీ తన్నుతున్నారు. ఆసుపత్రి కిటికీ కింద కూడా ఎవరో ఇలాగే, తెల్లారేవేళ, స్కూటరు తన్ని తన్ని తన్ని, అది అందుకున్న క్షణాన ఆమె ఎందుకో చాలా సంతోషించింది, హమ్మయ్య అనుకుంది, పిల్ల చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది అప్పటికి. మామూలు జ్వరమే అన్నారు. మందు వేస్తే తగ్గింది, మళ్లీ వచ్చింది, ఈసారి తలకెక్కింది. డాక్టరు మంచివాడు, చెయ్యగలిగిందంతా చేశాడు, చివర్లో అతని కళ్లే ముందు ఎర్రబడ్డాయి. వారం తిరగకుండా అంతా అయిపోయింది. ఇంటికొచ్చాక ఆయన గోడమీది ఫోటోలు తీసి బీరువాలో పెట్టాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆయన నోట ఆ పేరు రాలేదు. మొదట్లో అది ఆమెకి కోపం. ఒక్కరోజైనా కలిసి ఏడవొచ్చు కదా ఈ మనిషి, రాయిలా డ్రిల్లుకి వెళ్లొస్తాడేం అనుకునేది. తర్వాత కోపం అలసిపోయింది. కొందరు గుర్తు పెట్టుకుని బతుకుతారు, కొందరు మరిచిపోయి బతుకుతారు, బతకనీ అనుకుంది. మరిచిపోయాడనే అనుకుంది.

ఫోను మోగింది. చెల్లెలు. "ఏం చేస్తున్నావక్కా?"

"బల్ల సర్దుకుంటున్నా. అద్దం తేవడానికి మీ బావగారు వెళ్లారు."

"ఎక్కడ వేశావ్ బల్ల?" ఆమె చెప్పింది. "ఆ గదిలోనా? బావగారు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోకపోతే అద్దం తెస్తారా?"

"అది కాదక్కా, నువ్వు ఏం బొమ్మలు వెయ్యబోతున్నావో తెలుసా ఆయనకి?"

"తెలీదు."

"చెప్పెయ్యొచ్చు కదా. తర్వాత ఎప్పుడో చూసి బాధపడేకంటే."

చెబుతాలే అని పెట్టేసింది. చెబితే, గడపదాకా వస్తున్న మనిషి గడపదాకా కూడా రాడేమో. ఎలా చెప్పాలి? ఏమండీ, గిలక నడక నాకు గుర్తు రావడంలేదు అనా? ఆ సంగతి తెలిసింది రోడ్డుమీద. మందులకొట్టు దగ్గర రోడ్డు దాటబోతుంటే ముందు ఒక తల్లి, తల్లి వేలు వదిలించుకుని ఒక పిల్ల, అడుగు తీసి అడుగు వెయ్యడంలో ఏదో గమ్మత్తు ఉంది ఆ పిల్లకి, అలవాటు కొద్దీ ఆమె దాన్ని మనసులో బొమ్మలుగా విడదీసింది, విడదీస్తూ, మరి నా పిల్లదో, అనుకుని కళ్లు మూసుకుంది. కళ్లలోకి వచ్చింది గిలకే, గిలక ముఖమే, గిలక పిలకే. నడుస్తున్నది మాత్రం పళ్లపొడి పాపలాగ. రెండు చేతులూ ఊపుకుంటూ, బంతిలా ఎగిరెగిరి. ఆమె రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. వెనకనుంచి హారన్లు. ఎవరో చెయ్యి పట్టుకుని అవతలికి దాటించి, "కళ్లు తిరిగాయా అమ్మా?" అని అడిగారు. అవునంది. ఇంటికొచ్చి బీరువాలోంచి ఫోటోలు తీసింది. అన్నీ నిలబడ్డవే, కూర్చున్నవే, ఫోటోల వాడు కదలకు కదలకు అంటే నిమిషమైనా కదలకుండా ఉన్నవే. ముఖం ఎక్కడికీ పోదు, ఫోటోలో ఉంది. గొంతు కూడా ఎక్కడో ఉంది, వంటింట్లో గిన్నె జారి పడితే ఒక్కోసారి ఆ గొంతు వినిపిస్తుంది. నడక ఎక్కడ ఉంటుంది? అది కాళ్లలో ఉంది, కాళ్లతోపాటు వెళ్లిపోయింది, చూసినవాళ్ల కళ్లలో కొంచెం మిగిలింది, ఆ మిగిలినదానిమీద తనే, తన చేత్తోనే, రోజుకి ఇన్ని కాయితాలని జీతం తీసుకుని మరీ, వేరే నడక వేసేసింది. పోయిన పిల్ల ఇన్నాళ్లకి మళ్లీ పోతోందనిపించింది ఆ సాయంత్రం. అప్పుడు నిర్ణయించుకుంది, పోకముందే కాయితంమీద పెట్టాలని. ఆ మర్నాడే బల్ల అడిగింది.

లేచి నిలబడితే మోకాళ్లు పలికాయి. పట్టీ వెలుగుతోందో లేదో చూసింది, వెలిగింది, కంతలోంచి తెల్లటి వెలుగు నిలువుగా లేచి కప్పుమీద గుండ్రంగా పరుచుకుంది. ఆర్పేసింది. స్టూడియో మూతపడ్డ రోజు ఎవరి చట్రం వాళ్లు ఇంటికి తెచ్చుకున్నారు, బల్లలో గుండ్రంగా తిరిగే రేకు చట్రం. కంప్యూటర్లు వచ్చేశాక దానికి విలువేముంది, తీసుకుపొండి అన్నాడు పెద్దాయన, ఇంకేదో అనబోయి మెట్లు దిగిపోయాడు. ఆమె దాన్ని పాత చీరలో చుట్టి మంచం కిందికి తోసింది. ఎప్పుడో సున్నాలు వేయించినప్పుడు అద్దం పగిలింది, చట్రమూ పెగ్గులూ బాగానే ఉన్నాయి. ఇప్పుడు చీర విప్పి, చట్రం తుడిచి, కంతమీద పెట్టి చూసింది, చక్కగా కూర్చుంది. కుడివైపు పెన్సిళ్లు, ముందు గీసుకునే నీలం పెన్సిలు, పైన దిద్దే నల్ల పెన్సిలు, రబ్బరు పొడి దులిపే కుంచె. ఎడమవైపు గోడకి అరలు, వేసినవి వరసగా పెట్టుకోవడానికి. ఎదురుగా చిన్న అద్దం, బొమ్మ ముఖంలో కోపం కావాలంటే ముందు తన ముఖంలో తెచ్చుకుని చూసుకోవాలి కాబట్టి. అద్దంలో తెల్లజుట్టు మనిషి ఒకామె ఇటే చూస్తోంది, ఆమెకి కోపమేమీ లేదు. మూలన కెమెరా, నిలువు గొట్టానికి బిగించి కిందికి చూసేలా, అటూ ఇటూ రెండు దీపాలు. అది తర్వాత సంగతి. ముందు నడక దొరకాలి.

అట్టడుగు అరలోంచి మూడు కాయితాలు తీసింది. వంటింట్లో, ఆయన వాకింగ్‌కి వెళ్లిన వేళల్లో, చపాతీ పీటమీద పెట్టి వేసినవి. కుడికాలు ముందున్న గిలక, కాళ్లు ఒకదాన్నొకటి దాటుతున్న గిలక, ఎడమకాలు ముందున్న గిలక. పెగ్గుల్లో గుచ్చి, వేళ్ల మధ్య పట్టుకుని, దుప్పటి అంచున సన్నగా పడుతున్న వెలుగులో ఆడించి చూసింది. పిల్ల నడిచింది. బాగా నడిచింది, ఏ కంపెనీవాడైనా వెంటనే ఒప్పుకునేటంత బాగా. తప్పు ఎక్కడుందో తెలియడంలేదు. మడమా? మడమ కాదు. గిలక మడమ నేలకి ఆనించేదా, మునివేళ్లమీద వచ్చేదా? వాకిట్లోంచి పరుగున వచ్చేది కాదు, అడావుడిగా నడిచి వచ్చేది, ఎవరో పిలుస్తున్నట్టు. కుడికాలు కొంచెం లోపలికి తిరిగేది. అది గుర్తుంది, అది వేసింది కూడా. పాదాలు మళ్లీ గీసింది, ఇంకా లోపలికి తిప్పింది, మోకాలు దించింది. అయినా ఈ పిల్ల వేరే పిల్ల. ఎవరింటి పిల్లో, ఆమెని చూసి నవ్వుతోంది. కాయితాలు తీసి అరలో బోర్లా పెట్టింది.

గేటు చప్పుడు. ఆయన లోపలికి వచ్చాడు, పేపర్లు చుట్టిన అద్దాన్ని రెండు చేతులా పొట్టకి ఆనించుకుని. చొక్కా వీపంతా తడిసింది. గడప దగ్గర ఆగి చేతులు చాచాడు. "జాగ్రత్త, బరువుంది. అంచులు బాగా నూరాడులే, నేను వేలు పెట్టి చూశాను."

ఆమె అందుకోబోయి ఆగింది. "ఒక్కదాన్నే పెట్టలేనండీ. ఒకరు పైనుంచి దింపుతుంటే ఒకరు కిందనుంచి పట్టుకోవాలి. జారితే నేలమీదే."

"వడ్రంగి ఉన్నాడేమో చూడనా? సందు చివర టీకొట్టు దగ్గర ఉంటాడు."

"వెళ్లిపోయుంటాడు."

ఆయన అద్దం వంక చూశాడు, బల్ల వంక చూశాడు, దుప్పటి కట్టిన కిటికీ వంక చూశాడు. నీలంపూల తెర ఉండాల్సిన చోట ఆ చూపు కాస్త ఎక్కువసేపు ఉంది. తర్వాత గడప దాటాడు. చూపు పక్కకి తిప్పకుండా బల్ల దగ్గరికి వచ్చి, అద్దం ఆమె చేతిలో పెట్టి, అరిగిన మోకాళ్లతో మూలుగుతూ కింద కూర్చుని, కంతలోంచి రెండు అరచేతులూ పైకి చాపాడు. "ఊఁ, దించు." ఆమె దించింది. ఆయన చేతులమీదకి అద్దం వచ్చింది, చట్రంలోకి సర్దుకుంది, టక్కుమని కూర్చుంది. తిప్పి చూస్తే తిరిగింది. కిందనుంచే, "ఈ మీటేనా?" అంటూ ఆయన వెలుగు వేశాడు. బల్ల నిండు చంద్రుడిలా వెలిగింది. ఆయన బల్లకోడు పట్టుకుని లేచి నిలబడి, చొక్కాకి అంటిన రంపపు పొట్టు దులుపుకుంటూ, తన కొలత తప్పనందుకు కొంచెం గర్వంగా, "ఏదీ, ఏదో ఒకటి పెట్టి చూడు. పనిచేస్తోందో లేదో తెలియొద్దూ" అన్నాడు. అంటూనే పక్కనున్న అరలో బోర్లా ఉన్న కాయితాలు తీశాడు. ఆమె వద్దనేలోగా, కన్నాలు చూసుకుని, ఒకదానిమీద ఒకటి పెగ్గుల్లోకి దింపేశాడు.

మూడు కాయితాల్లోంచీ వెలుగు పైకి వచ్చింది. ఒక పిల్లలో ఇంకో పిల్ల, ఆ పిల్లలో ఇంకో పిల్ల. ఆయన వంగి చూశాడు. దులుపుకుంటున్న చెయ్యి చొక్కామీదే ఆగిపోయింది. ఆ చెయ్యి వంకే చూస్తూ ఆమె, ఇప్పుడు వెనక్కి తిరుగుతాడు, గడప దాటుతాడు, ఇంక ఎప్పటికీ రాడు అనుకుంది. పక్కింటి స్కూటరు ఎప్పుడు ఊరుకుందో, వీధిలో అసలు చప్పుడే లేదు.

"ఆడించు" అన్నాడు.

ఆమె కాయితాల అంచులు వేళ్ల మధ్య పట్టుకుని ఆడించింది. పిల్ల నడిచింది. ఆయన చూశాడు. మళ్లీ ఆడించమన్నట్టు చెయ్యి కదిపాడు, ఆమె మళ్లీ ఆడించింది.

"కాదు" అన్నాడు ఆయన. "గిలక అలా నడవదు."

ఆ పేరు ఆ గొంతులో వినిపించగానే ఆమె వేళ్లలోంచి కాయితాలు జారి అద్దంమీద పడ్డాయి. ఆయన అది గమనించలేదు. ముఖం చిట్లించుకుని ఉన్నాడు, మార్చింగ్‌లో ఎవరో ఒకడి అడుగు తప్పుతోందని తెలిసి, ఎవరో తేల్చుకోలేనప్పుడు చిట్లించుకునేవాడే, అలాగ.

"కాళ్లు బాగానే ఉన్నాయి. చెయ్యి తప్పు. ఎడమచెయ్యి ఊగదు దానికి. గౌను పట్టుకుని ఉంటుంది కదా."

"గౌనా?"

"పొడుగు గౌను. ఆకుపచ్చది, నేనే కొన్నాను. పెరిగే పిల్ల కదా అని పెద్దది కొంటే కాళ్లకి అడ్డం పడేది. ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని నడిచేది."

"దాన్ని నేను మడిచి కుట్టేశాను కదండీ. వారానికే పొట్టి చేశాను."

"కుట్టావు. అయినా పట్టుకునే నడిచేది. తర్వాత ఏ గౌను వేసినా, నిక్కరేసినా సరే, ఎడమచెయ్యి ఇక్కడే" అని ఆయన తన తొడ దగ్గర ప్యాంటు గుడ్డ పిడికిట్లో బిగించి చూపించాడు. "నేను ఎన్నిసార్లు చెప్పాను, చేతులు రెండూ వదలమ్మా, అలా అయితే బడిలో డ్రిల్లు ఎలా చేస్తావ్ అని. వింటేనా?"

ఆమెకి కనిపించలేదు, ఇంకా కనిపించలేదు. ఇన్నాళ్లూ కాళ్లనే చూసింది. పెద్దాయన కాళ్లు చూడమన్నాడు, కాళ్లే చూసింది. "ఎలాగండీ? ఒకసారి చూపించండి" అంది.

ఆయన చుట్టూ చూశాడు. బల్ల పక్కన గోడనుంచి కిటికీదాకా కాస్త ఖాళీ ఉంది. గోడదాకా వెళ్లి, ఇటు తిరిగి నిలబడ్డాడు. నెరిసిన మీసం, పొట్ట, తడిసిన చొక్కా. ఎడమచేత్తో ప్యాంటు గుడ్డ పట్టుకుని కొంచెం పైకెత్తాడు. ఎత్తగానే ఎడమభుజం కిందికి దిగింది. భుజం దిగగానే తల ముందుకి వచ్చింది, ఒళ్లంతా ముందుకి పడబోయింది, కుడికాలు లోపలికి తిరిగి ఆ పడిపోవడానికి అడ్డం పడింది, కుడిచెయ్యి ఒక్కటే, జతలేని చెయ్యి, బారెడు ఊగింది. మళ్లీ పడబోవడం. మళ్లీ కాలు. అడావుడిగా, ఎవరో పిలుస్తున్నట్టు, గిలక వాకిట్లోంచి లోపలికి వచ్చింది. కిటికీ దగ్గర ఆగింది.

ఆమె నీలం పెన్సిలు తీసుకుంది. కొత్త కాయితం పెగ్గుల్లో పెట్టింది. భుజం గీత ముందు వేసింది, వాలుగా, అక్కడినుంచి మిగిలినదంతా దానంతట అదే కిందికి దిగింది. "ఇంకోసారి" అంది తలెత్తకుండానే. ఆయన గోడదాకా వెళ్లి మళ్లీ వచ్చాడు. "ఇంకోసారి." ఒక కాయితం తీసి అరలో పెట్టి ఇంకోటి వేసింది. ఆయన మోకాలు తిరిగేటప్పుడు కలుక్కుమంటోంది, వినిపిస్తూనే ఉంది, ఆగమని అనలేకపోయింది, ఆయనా ఆగలేదు. ఎప్పుడో తలెత్తి చూస్తే ఆయన చెంపలు తడిసి ఉన్నాయి, మీసంలోకి దిగుతున్నాయి నీళ్లు. ఎడమచేత్తో గుడ్డ పట్టుకోవాలి, కుడిచెయ్యి ఊగాలి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆమె చెంపలూ అలాగే ఉన్నాయని కాయితంమీద చుక్క పడితే తెలిసింది. చుక్కని చేతి అంచుతో అద్దింది. కాలు కాలుని దాటేచోట, సరిగ్గా ఆ మధ్యలో, ఆయన తొందరగా వెళ్లిపోతున్నాడు, అది అందడంలేదు.

"ఈసారి కొంచెం నెమ్మదిగా నడవండి" అంది.

ఆయన గోడ దగ్గర నిలబడి, రొప్పుతూ, పిడికిట్లో గుడ్డ మళ్లీ బిగించాడు.

"అది నెమ్మదిగా నడవదే" అన్నాడు.